పిడుదు లాంటి గింజ

ఆముదం మొక్క శాస్త్రీయ నామం రిసినస్ కమ్యూనిస్. లాటిన్‌లో రిసినస్ అంటే పిడుదు. పశువుల చెవుల్లో, పొదుగు దగ్గర పట్టుకుని రక్తం తాగే పిడుదు. ఈ సంగతి నాకు 1997 చలికాలంలో తెలిసింది. అప్పుడు మహబూబ్‌నగర్‌లో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. మా బాటనీ మేడం ఒక ఆముదం గింజ తెచ్చి నా అరచేతిలో పెట్టి, "ఆ పేరు ఎందుకు వచ్చిందో చూసి చెప్పు" అన్నారు.

చూశాను. నున్నగా ఉంది. గోధుమరంగు మీద తెల్లటి చారలు, మచ్చలు. ఒక కొసన చిన్న బుడిపె. ఆ బుడిపెను తలకాయ అనుకుంటే మిగతాదంతా రక్తం తాగి ఉబ్బిన పొట్ట. మా బర్రె చెవుల్లోంచి అట్లాంటివి ఎన్ని పీకి పారేశానో లెక్కలేదు. పుట్టినప్పటి నుంచి ఆముదం గింజలు చూస్తున్నాను, పిడుదులను చూస్తున్నాను. రెండూ ఒకేలా ఉంటాయని ఒక్కసారి కూడా తట్టలేదు.

"పిడుదు లెక్కనే ఉంది మేడం" అన్నాను. టౌన్ నుంచి వచ్చే పిల్లలకు పిడుదు అంటే ఏమిటో తెలియక నా వైపు చూశారు. మేడం నవ్వి, "రోమ్ వాళ్ళకూ అట్లనే కనిపించింది. వాళ్ళ ఇళ్ళల్లోనూ పశువులు ఉండేవి కదా" అన్నారు.

మాది దేవరకద్ర దిక్కు ఒక చిన్న ఊరు. నాలుగెకరాల చల్కా భూమి. బోరు లేదు, కాలువ లేదు. తొలకరి పడగానే నాయిన ఆముదం పెట్టేవాడు, మధ్య సాళ్ళలో కంది. ఆ రోజుల్లో పాలమూరు, నల్గొండ జిల్లాల్లో ఎటు చూసినా ఆముదపు చేన్లే. తక్కువ వానకు తట్టుకుంటుంది. రాళ్ళ నేలలో కూడా ఎంతో కొంత చేతికి వస్తుంది. గెలలు కోసుకొచ్చి కల్లంలో ఆరబోస్తే మధ్యాహ్నం ఎండకు కాయలు టప్పుమని పగిలి గింజలు ఎగిరి పడేవి. ఆ చప్పుడు వింటూ అవ్వ పక్కన నిద్రపోయిన మధ్యాహ్నాలు బాగా గుర్తున్నాయి. ఆముదం గురించి నాకు తెలియనిది ఏముంటుందని అనుకునేదాన్ని.

1996లో బైపీసీ ఇంటర్ అయింది. ఎంసెట్ రాశాను. మెడిసిన్ సీటు వచ్చే ర్యాంకు రాలేదు. లాంగ్‌టర్మ్ కోచింగ్‌కు హైదరాబాద్ పంపే స్తోమత నాయినకు లేదు. అట్లా బీజెడ్‌సీలో, అంటే బాటనీ, జువాలజీ, కెమిస్ట్రీ గ్రూపులో చేరాను. మొదటి రోజు ఒక సారు క్లాసుకు వచ్చి ఈ గ్రూపు ఎందుకు తీసుకున్నారని వరుసగా అడుగుతూ పోతే, ఎక్కువ మంది "ఎంసెట్ రాలేదు సార్" అనే చెప్పారు. నేనూ అదే చెప్పాను. మా అవ్వ మాత్రం ఊళ్ళో ఎవరడిగినా "మా బిడ్డ డాక్టరు సదువే సదువుతుంది, చెట్లకు చేసే డాక్టరు" అని చెప్పేది. నేను ఎప్పుడూ దిద్దలేదు.

బీజెడ్‌సీ అంటే మెడిసిన్ రానివాళ్ళ చదువు అని ఇప్పటికీ చాలామంది అంటారు. ఆ మాట వింటే నాకు బాధేస్తుంది. చేరినప్పుడు నేనూ అట్లాగే అనుకున్నాను కాబట్టి ఆ బాధ ఇంకా ఎక్కువ.

మొదటి ఏడు గుర్తున్నది తక్కువ. బస్ పాసు, దేవరకద్ర నుంచి నిలబడి చేసిన ప్రయాణాలు, నిద్ర. తెలుగు అకాడమీ పుస్తకాల్లో సిద్ధబీజాలు, సంయోగబీజాలు, జీవిత చక్రాలు. ఇంటర్‌లో బట్టీపట్టినట్టే బట్టీపట్టాను. ఒక్కటి మాత్రం నిలిచిపోయింది. ఒక రోజు మా పెద్ద చెరువు నుంచి సీసాలో తెచ్చిన పచ్చటి నాచును ఒక పోగు తీసి స్లైడ్ మీద పెట్టారు. చేతికి జారే జిగట నాచు. బట్టలు ఉతకడానికి వెళ్ళినప్పుడు కాలు జారేది దానివల్లే. మైక్రోస్కోపులో చూస్తే గాజు గొట్టాలు వరుసగా అతికించినట్టు ఉంది. ఒక్కో గొట్టంలో పచ్చటి రిబ్బను మెలికలు తిరుగుతూ ఈ కొస నుంచి ఆ కొసకు పోతోంది. స్పైరోగైరా. జడకు రిబ్బను చుట్టినట్టు అంత పద్ధతిగా ఉన్నదాన్ని నేను అంతవరకు పాచి అని పిలిచాను. వెనక లైన్‌లో ఉన్నవాళ్ళు తొందర పెడుతున్నా కళ్ళు తీయబుద్ధి కాలేదు.

అసలు చదువు మొదలైంది రెండో ఏడు. సెక్షన్ కటింగ్‌తో.

దాన్ని మాకు నేర్పింది ఎవరంటే ల్యాబ్ అటెండర్ కాక. అందరం ఆయన్ని కాక అనే పిలిచేవాళ్ళం. మేడం బోర్డు మీద బొమ్మ వేసి, విధానం చెప్పేవారు. కానీ చేయి ఎట్లా తిరగాలో చూపించింది ఆయనే. పొద్దున్నే ఎక్కడెక్కడో తిరిగి లేత ఆముదం కాడలు, పొద్దుతిరుగుడు కాడలు, మొక్కజొన్న కాడలు తెచ్చి తడిగుడ్డలో చుట్టి పెట్టేవాడు. కాడను ఎడమచేతి బొటనవేలికి, చూపుడువేలికి మధ్య నిలువుగా పట్టుకోవాలి. బ్లేడును నీళ్ళలో ముంచాలి. నేను మొదటిసారి కూరగాయ తరిగినట్టు పైనుంచి నొక్కాను. ముక్క రూపాయి బిళ్ళంత మందంగా వచ్చింది.

"గట్ల నూకకు బిడ్డా. ఉల్లిగడ్డ కోస్తున్నవా ఏంది? బ్లేడును నీ దిక్కు గుంజుకోవాలె. ఒక్కటే గుంజుడు. మధ్యల ఆగొద్దు" అన్నాడు కాక.

వారం రోజులు గుంజాను. రెండుసార్లు వేలు తెగింది. బస్సులో వచ్చేటప్పుడు కూడా ఖాళీ చేతులతో అదే ప్రాక్టీసు. ఒక రోజు వాచ్‌గ్లాస్ నీళ్ళలో తేలుతున్న ముక్కల్లో ఒకటి కనిపించీ కనిపించనట్టు ఉంది. నీడ పడితే తప్ప అక్కడ ఉందని తెలియదు. కాక వంగి చూసి, "గదీ. గది దియ్యి" అన్నాడు. సన్నని బ్రష్‌తో దాన్ని లేపి సాఫ్రనిన్‌లో వేశాను. ఎక్కువైన రంగు కడిగాను. స్లైడ్ మీద గ్లిజరిన్ చుక్క వేసి, అందులో పరిచి, కవర్ స్లిప్‌ను సూదితో ఏటవాలుగా పట్టి మెల్లగా దించాను. గబుక్కున వదిలితే గాలి బుడగలు చేరతాయి. నల్లటి గాజుల్లా కనిపించే ఆ బుడగల కింద ఏమీ కనబడదు.

ఆ స్లైడ్ నాకు ఇప్పటికీ కళ్ళ ముందు ఉంది. అంచున బాహ్యచర్మం, ఒక్క వరుస కణాలు, గోడ కట్టినట్టు. లోపల వల్కలం. అక్కడి నుంచి గుండ్రంగా పేర్చిన నాళికాపుంజాలు. దారువు గోడలకు సాఫ్రనిన్ పట్టి కుంకుమరంగులో మెరుస్తున్నాయి. బావి ఒరల్లా వరుసగా గుండ్రటి నోళ్ళు. మధ్యలో పెద్ద పెద్ద కణాల దవ్వ. ఎండాకాలం మా చేను నేలలో ఉన్న కాస్త తడి ఆకుదాకా పోయేది ఆ ఎర్రటి నోళ్ళలోంచే. ఎండకు ఆకులు వాలిపోయి, చల్లబడ్డాక మళ్ళీ లేచే ఆముదపు చేనును నేను ఎన్నిసార్లు చూశానో. అది లేచే దారి ఇదని ఆ రోజు తెలిసింది.

మేడం వచ్చి చూసి, మిగతావాళ్ళను పిలిచి చూపించారు. రికార్డులో బొమ్మ వేసేటప్పుడు నాకు పుస్తకం తెరవాల్సిన అవసరం రాలేదు.

ఆ ఏడే హెర్బేరియం. యాభై మొక్కలు సేకరించి, పేపర్ల మధ్య ఒత్తిపెట్టి, ఆరాక షీటు మీద అతికించి, కింద లేబుల్ రాయాలి. షీటు కొలత పదహారున్నర అంగుళాలు బై పదకొండున్నర అంగుళాలు. మా ఇంట్లో ప్రెస్ లేదు. పాత పేపర్ల దొంతర మీద ట్రంకు పెట్టె, దాని మీద జొన్నల సంచి. రోజూ పేపర్లు మార్చాలి, లేకపోతే బూజు పడుతుంది. మా ఇంటికి పేపరు రాదు కాబట్టి హోటల్ నుంచి అడిగి తెచ్చేదాన్ని. ఆముదం ఆకు షీటులో పట్టలేదు. కొసన ఉన్న లేత ఆకులు, చిన్న గెల తీసుకోమన్నారు మేడం.

లేబుల్ మీద శాస్త్రీయ నామం, కుటుంబం, దొరికిన చోటు, తేదీతో పాటు "స్థానిక నామం" అని ఒక గడి ఉంటుంది. చాలామంది ఆ గడి ఖాళీగా వదిలేశారు. నాకు మాత్రం అవ్వ ఉంది. సాయంత్రం పొయ్యి దగ్గర కూర్చుని ఒక్కో షీటు ఎత్తి చూపిస్తే చెప్పుకుంటూ పోయేది. ఉత్తరేణి. పల్లేరు. తుత్తురుబెండ. గడ్డి చేమంతి. గుంటగలగర. నేల ఉసిరి. ఎండి ముడుచుకుపోయిన మొక్కను కూడా గుర్తుపట్టేది. ఒకటి రెండు అనుమానం వస్తే వేళ్ళతో నలిపి వాసన చూసేది. చదువు రాని మా అవ్వ దగ్గరి నుంచి వచ్చిన పేర్లను మరునాడు క్లాసులో పదిమంది కాపీ చేసుకునేవాళ్ళు. నేను వద్దనలేదు గాని, "మా అవ్వ చెప్పింది" అని ప్రతిసారీ చెప్పాను.

తంగేడు పేరు సంగతి కూడా ఆ హెర్బేరియం అప్పుడే తెలిసింది. కాసియా ఆరిక్యులేటా అని రాసుకున్నాం, ఇప్పుడు సెన్నా ఆరిక్యులేటా అంటున్నారు. ఆరిక్యులేటా అంటే చెవులున్నది. తంగేడుకు చెవులేమిటి అనుకున్నాను. మేడం ఆకు కాడ మొదలు దగ్గర చూడమన్నారు. కొమ్మను అంటుకుని రెండు పక్కలా గుండ్రటి పత్రపుచ్ఛాలు, చిన్న చెవుల్లా! ప్రతి ఏడూ బతుకమ్మకు గంపలు గంపలు కోసుకొచ్చాం. పూలే చూశాం. చెవులు చూడలేదు. అప్పటికి తంగేడు ఇంకా రాష్ట్ర పుష్పం కాలేదు, ఆ రాష్ట్రమే లేదు. ఆ ఏడు బతుకమ్మ పేరుస్తూ గునుగు పువ్వు వాడిపోకుండా ఎందుకు ఉంటుందో మా అక్కచెల్లెళ్ళకు చెప్పాను. దాని పూరేకులు మొదటి నుంచే కాగితంలా పొడిగా ఉంటాయి, వాడటానికి అందులో నీళ్ళు ఉంటే కదా. వాళ్ళు విన్నారు, పాట ఎత్తుకున్నారు.

ఇంకొకటి చెప్పాలి. ఆముదం ఏ కుటుంబం అంటే యూఫోర్బియేసి. మా వాకిట్లో రాళ్ళ సందుల్లో నేలకు అతుక్కుని పెరిగే రెడ్డివారి నానబాలు కూడా అదే కుటుంబం అని చదివినప్పుడు నమ్మలేదు. ఒకటి మనిషి ఎత్తు దాటి పెరుగుతుంది, ఆకు విస్తరంత ఉంటుంది. ఇంకొకటి జానెడు మొక్క, తుంచితే పాలు కారుతుంది. ఈ రెంటికీ చుట్టరికం ఏమిటి? మేడం చెప్పలేదు. నానబాలు కాయను సూదితో విప్పి చూడమన్నారు. ఆవగింజ కంటే చిన్నది. డిసెక్షన్ మైక్రోస్కోపు కింద పెట్టి, ఊపిరి బిగబట్టి విప్పాను. మూడు గదులు. గదికి ఒక్క గింజ. ముళ్ళ ముళ్ళ ఆముదం కాయను పగలగొడితే ఉండేదీ అదే, మూడు గదులు, గదికి ఒక్క గింజ. కల్లంలో వేల కాయలు కొట్టిన చేతులు నావి. మూడు అన్న అంకె ఎప్పుడూ కనబడలేదు. చుట్టరికం ఆకులో కాదు, కాయలో ఉంది.

ఆ తర్వాత చేను నాకు వేరేగా కనిపించింది. గెలలో కింద పసుపుపచ్చగా ఉన్నవి మగపూలు, పైన ఎర్రటి కీలాగ్రాలతో ఉన్నవి ఆడపూలు. మగపువ్వును విప్పితే కేసరాలు చెట్టు కొమ్మల్లా చీలి చీలి ఉంటాయి, చిన్న చింతచెట్టు లాగా. కార్తెలో ముసురు పట్టి గెలకు బూడిదరంగు బూజు వస్తే నాయిన తలపట్టుకునేవాడు. ఆ బూజు కూడా ఒక శిలీంధ్రమని, దానికీ పేరు, సంతానం ఉంటాయని తెలిశాక కోపం తగ్గలేదు గాని, గుడ్డిగా తిట్టడం మానేశాం.

జంతుశాస్త్రం వైపు వస్తే, నాకు బాగా దగ్గరైంది బొంత పురుగు. ఎర్ర గొంగళి అని కూడా అంటారు. మంచి వాన పడ్డ కొన్నాళ్ళకు గుంపులు గుంపులుగా బయలుదేరి ఒక చేను తిని, ఇంకో చేనుకు నడిచిపోతాయి. నాయిన, కాకలు చేను చుట్టూ కందకం తవ్వేవాళ్ళు. రాత్రి గట్ల మీద మంటలు పెట్టేవాళ్ళు. చిన్నప్పుడు అది మాకు పండగలా ఉండేది. సంపూర్ణ రూపవిక్రియ పాఠం రోజు సారు గుడ్డు, డింభకం, ప్యూపా, ప్రౌఢ జీవి అని చెబుతూ ఇదే పురుగును ఉదాహరణగా చెప్పారు. తిన్నంత తిని నేలలోకి దిగి ప్యూపా అయి, మళ్ళీ తొలకరి దాకా మన్నులోనే పడుకుంటుంది. వాన తడి తగలగానే రెక్కల పురుగై లేచి ఆకుల కింద గుడ్లు పెడుతుంది. మేం మంటలు పెట్టింది ఆ రెక్కల పురుగుల కోసం అన్నమాట.

ఆ రాత్రి అన్నం తింటూ ఇదంతా నాయినకు చెప్పాను. పూర్తిగా విన్నాడు.

"మరి ఎండకాలం దుక్కి ఎందుకు దున్నుతమనుకున్నవ్ బిడ్డా? మన్నుల ఉన్న గుల్లలన్నీ పైకొస్తయి. కాకులు, గోరింకలు నాగలెంబడి నడుసుకుంట ఏరుకొని తింటయి. మిగిలినయి ఎండకు సస్తయి" అన్నాడు.

మరునాడు సారుకు చెప్పాను. ఆయన నన్ను ముందుకు పిలిచి, నాయిన చెప్పిన మాటను ఉన్నదున్నట్టు క్లాసుకు చెప్పమన్నారు. పల్లె మాట క్లాసులో మాట్లాడితే నవ్వుతారని భయపడే రోజులు. ఎవరూ నవ్వలేదు. కొందరు రాసుకున్నారు.

అదే ఏడు ఆగస్టు 20న సారు పాఠం ఆపి మలేరియా గురించి చెప్పారు. రొనాల్డ్ రాస్ సికింద్రాబాద్‌లో దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని చూసింది 1897 ఆగస్టు 20న. ఆ రోజుకు సరిగ్గా నూరేళ్ళు. 1902లో ఆయనకు నోబెల్ వచ్చింది. మనకు వంద కిలోమీటర్ల దూరంలో, మన ఎండలో, మన దోమలను కోసి చూశాడు అంటుంటే సారు గొంతు మారింది. ప్లాస్మోడియం జీవిత చక్రం అంటే పరీక్షకు తప్పక వచ్చే ప్రశ్న అనే లెక్కలో ఉన్నాం మేం. మా ఊళ్ళో చలి జ్వరంతో దుప్పట్లు కప్పుకుని వణికే మనుషులు ఆ బొమ్మలోకి వచ్చింది ఆ రోజే.

కప్పల డిసెక్షన్ గురించి ఎక్కువ రాయలేను. మైనం ట్రేలో పిన్నులు గుచ్చి, కోసి చూస్తే గుండె ఇంకా కొట్టుకుంటూ ఉండేది. ఎంతో నేర్చుకున్న మాట నిజం. ఆ రాత్రి అన్నం తినలేకపోయిన మాటా నిజం. 2014లో యూజీసీ జంతువుల డిసెక్షన్లు ఆపేయమన్నప్పుడు నాకు మంచిపనే అనిపించింది.

మూడో ఏడు ఫిజియాలజీ ప్రాక్టికల్స్‌లో హీమోగ్లోబిన్ చూడటం ఉంది. సాహ్లి పద్ధతి. గీతలున్న గాజు గొట్టంలో పలుచని హైడ్రోక్లోరిక్ ఆమ్లం తీసుకోవాలి. వేలు పొడిచి, సన్నని పిపెట్‌తో కొలిచినంత రక్తం పీల్చి, అందులో వదలాలి. ఎర్రటి రక్తం కాసేపటికి ముదురు గోధుమరంగుకు మారుతుంది. అప్పుడు డిస్టిల్డ్ వాటర్ చుక్క చుక్కగా వేస్తూ, గాజు కడ్డీతో కలుపుతూ, పక్కనున్న గాజు రంగుతో సరిపోయేదాకా పలచబరచాలి. సరిపోయిన చోట ఎన్నో గీత ఉందో అది లెక్క. ఆడవాళ్ళకు నూరు మిల్లీలీటర్ల రక్తంలో పన్నెండు గ్రాములైనా ఉండాలని పుస్తకం.

నా గొట్టంలో నాలుగైదు చుక్కలకే రంగు సరిపోయింది. తప్పు చేశాననుకుని మళ్ళీ చేశాను. మళ్ళీ అంతే. ఎనిమిదిన్నర. పక్కమ్మాయికి తొమ్మిది. ఇంకొకామెకు ఎనిమిది. హాస్టల్ నుంచి వచ్చే పిల్లలందరివీ అటూ ఇటూ అంతే. మగపిల్లల వైపు ముచ్చట్లు వినిపిస్తున్నాయి, మా బల్ల దగ్గర మాత్రం చప్పుడు లేదు. ఆ రోజు ల్యాబ్‌లో ఉన్న మేడం రీడింగులు ఒక్కొక్కటీ చూసుకుంటూ వచ్చి, రికార్డులు మూయమన్నారు. స్టూలు లాక్కుని మా మధ్య కూర్చుని పొద్దున ఏం తిన్నారని ఒక్కొక్కరినీ అడిగారు. చాలామంది టీ అని చెప్పాం. తోటకూర, మునగాకు, పల్లీలు, బెల్లం, పక్కన నిమ్మకాయ పిండుకోవడం, చెప్పులు లేకుండా చేన్లకు పోతే పట్టే నులిపురుగులు, అన్నీ ఆ గంటలో చెప్పారు. పుస్తకంలో కొంకి పురుగు బొమ్మ మేం అప్పటికే వేసి ఉన్నాం. అది మా రక్తం తాగే పురుగని అనుకోలేదు. ఇంటికి పోయి అవ్వకు చెబితే, "గందుకేనా బిడ్డా నాకు ఎక్కినా దిగినా ఆయాసం" అంది. ఆమె రక్తం నేను పరీక్ష చేయలేదు. చేయకుండానే తెలిసింది. ఆ నెల నుంచి మా ఇంట్లో వారానికి రెండుసార్లు మునగాకు వండారు.

పిల్లలమర్రికి తీసుకుపోయారు ఒకసారి. టౌన్‌కు నాలుగు కిలోమీటర్లు. ఏడు వందల ఏళ్ళ చెట్టు అంటారు, మూడెకరాలకు పైగా పరుచుకుంది. అసలు మాను ఏదో, ఊడ ఏదో తెలియదు. చిన్నప్పుడు జాతరకు పోయినట్టు పోయి చూసి వచ్చిన చెట్టే. ఆ రోజు మేడం రాలిన మర్రిపండు ఒకటి ఏరి నిలువుగా చీల్చి, భూతద్దం ఇచ్చారు. పండు లోపలి గోడంతా పూలు. వందల పూలు లోపలికి ముఖం పెట్టుకుని ఉన్నాయి. మర్రికి పూలు పూయవని ఊళ్ళో అంటారు, పూస్తాయి, పండు లోపల పూస్తాయి. ఆ పూల మధ్య నల్లటి చుక్కలు కదులుతున్నాయి. మేడిపండు పొట్టలో పురుగులు అని ఎవరినైనా తీసిపారేయడానికి వాడే మాట ఉంది కదా, అట్లాంటి పురుగులే. అవి కందిరీగల జాతి. మర్రికి ప్రత్యేకంగా ఒకటి ఉంది, యూప్రిస్టినా మసోనీ. పండు కొసన ఉన్న ఇరుకు రంధ్రంలోంచి ఆడపురుగు లోపలికి దూరేటప్పుడు దాని రెక్కలు తెగిపోతాయి. వేరే పండు నుంచి తెచ్చిన పుప్పొడిని పూలకు అంటించి, గుడ్లు పెట్టి, అక్కడే చనిపోతుంది. అది లేకపోతే మర్రికి విత్తనం లేదు. ఏడు వందల ఏళ్ళ చెట్టు ఒక నలుసంత పురుగు మీద ఆధారపడి ఉంది అంటుంటే మేమంతా తలెత్తి కొమ్మల వైపు చూశాం. 2018లో ఆ చెట్టుకు చెదలు పట్టి, మనిషికి ఎక్కించినట్టు సెలైన్ సీసాలతో మందు ఎక్కిస్తున్న ఫొటోలు పేపర్లో వస్తే, ఆ పొద్దు టీ తాగలేదు నేను.

నల్లమలలోని మన్ననూరు, ఫర్హాబాద్ టూర్ ఒక్క రోజే. అడవిలో తెల్లటి పలచని బెరడుతో, చీకట్లో కూడా కనిపించేటట్టుండే తపసి చెట్టును మొదటిసారి అక్కడే చూశాను. బంక ఎట్లా తీస్తారో ఒక చెంచు పెద్దమనిషి చూపించాడు. ఎంత లోతు గాటు పెడితే చెట్టు బతుకుతుందో ఆయన వేలితో కొలిచి చూపించిన తీరు, కాక బ్లేడు పట్టుకునే తీరు ఒక్కటే అనిపించింది.

ఫైనల్ ప్రాక్టికల్స్‌లో నాకు జిల్లేడు పువ్వు వచ్చింది. టెన్షన్‌తో మొదటి పువ్వు నలిపేశాను, చేతులన్నీ పాలు. రెండో పువ్వులో సూది మొనతో నల్లటి చుక్కను పట్టి లాగితే, దానికి వేలాడుతూ రెండు పసుపు సంచులు బయటికి వచ్చాయి. పొలీనియంలు, అంటే పుప్పొడి ముద్దలు. ఎక్స్‌టర్నల్‌గా వచ్చిన సారు స్లైడ్ చూసి ఏమీ అనలేదు, మైక్రోస్కోపు దగ్గర మాత్రం చాలాసేపు ఉన్నారు. తలుపు దగ్గర నిలబడ్డ కాక నాకు కళ్ళతోనే సైగ చేశాడు.

బీఈడీ చేశాను, డీఎస్సీ రాశాను, బయాలజీ టీచర్ అయ్యాను. కాక పోయి చాలా ఏండ్లయింది. నాయిన కూడా లేడు. మా దిక్కు ఆముదం దాదాపు పోయింది. 2002లో బీటీ పత్తికి అనుమతి వచ్చాక చల్కలన్నీ మెల్లగా పత్తి అయ్యాయి. నీళ్ళొచ్చిన చోట వరి. రైతుకు ఏది గిట్టుబాటు అయితే అది వేసుకుంటాడు, అందులో తప్పు పట్టేదేమీ లేదు. కానీ విత్తనాల పాఠానికి ఆముదం గింజ కావాలంటే ఇప్పుడు నేను వెతుక్కోవాల్సి వస్తోంది.

పోయిన ఏడు బడి వెనక కాలువ గట్టు మీద తనంతట తాను మొలిచిన ఒక ఆముదం మొక్క దొరికింది. పన్నెండు గింజలు తీసుకుని క్లాసుకు పోయాను. లెక్కపెట్టి ఇచ్చాను, లెక్కపెట్టి తీసుకుంటానని ముందే చెప్పాను. నోట్లో పెట్టుకోవద్దని రెండుసార్లు చెప్పాను, అందులో రిసిన్ అనే విషం ఉంటుంది. దీన్ని చూస్తే ఏం గుర్తొస్తుందో చెప్పమని అడిగాను. చిక్కుడుగింజ అన్నారు. గోలీ అన్నారు. ఒక పిల్ల గాజు మీద డిజైన్ అంది. పిడుదు అని ఒక్కరూ అనలేదు. పేరు అర్థం చెబితే, పిడుదు అంటే ఏంది టీచర్ అని అడిగారు. బర్రెలున్న ఇళ్ళు ఆ క్లాసులో రెండో మూడో.

మరునాడు పొద్దున ప్రార్థన కాకముందే ఒక అమ్మాయి అగ్గిపెట్టె పట్టుకుని స్టాఫ్‌రూమ్ గుమ్మం దగ్గర నిలబడింది. "మా తాత బర్రె చెవులకెంచి దీసిండు టీచర్" అని అగ్గిపెట్టె జరిపింది. అడుగున దూదిలో పిడుదు, బాగా రక్తం తాగినది. డ్రాయరులోంచి ఆముదం గింజ తీసి పక్కన పెట్టాను. ఆ పిల్ల మోకాళ్ళ మీద కూర్చుని, నా భూతద్దం తీసుకుని, ఒకసారి ఇటు ఒకసారి అటు చూసింది. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ప్రార్థన గంట కొట్టారు, లేవలేదు.

"ఎనిమిది కాళ్ళున్నయి టీచర్" అంది. "పురుగులకు ఆరే ఉంటయి అన్నరు గదా. మరి ఇది పురుగు కాదా?"